మబ్బులో కారు, మూలలో మిషన్

ఆ ఆదివారం ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బావమరిదితో కంప్యూటర్లో కారు పందెం ఆడడం, గెలిచి వారమంతా వాణ్ణి ఏడిపించడం. ఆయన భార్య పథకం వేరు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముచ్చటపడి కొనుక్కున్న, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ నెలల తరబడి అట్టపెట్టెలోనే మగ్గుతోంది. దాన్ని పెట్టుకోదగ్గ మూల హాల్లో ఒక్కటే ఉంది. అందులో మాస్టారి ఆటల కంప్యూటర్ కాపురముంటోంది. పెద్ద డబ్బా, లోపల రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే ఫ్యాన్లు. ఆవిడేమో పూటపూటా భోజనాల బల్ల మీంచి గుడ్డలు తీయడం, అందరూ తిన్నాక మళ్ళీ పరుచుకోవడం.

"ఇప్పుడు ఆటలన్నీ క్లౌడ్‌లోనే ఆడొచ్చటగా. పనంతా ఎక్కడో వాళ్ళ కంప్యూటర్లు చేసి, బొమ్మ మాత్రం నెట్‌లో మనకి పంపుతాయట. మీ స్కూలు లాప్‌టాప్ చాలట," అంది ఆవిడ.

"ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడు."

మాస్టారు జాలిగా నవ్వారు. "సరే, ఇవాళ పందెం అలాగే ఆడతా. ఆగకుండా సాగితే ఈ డబ్బా అటకెక్కుతుంది. ఆగిందా, ఇక ఈ మూల ఊసెత్తకూడదు."

ఆవిడ ఒప్పుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆట సాఫీగా సాగాలని ఆవిడ కోరుకోవడం అదే మొదటిసారి.

చెయ్యి తిరగడానికి మాస్టారు ముందు ఒక రౌండు మొదలుపెట్టారు. "కాఫీ చల్లారిపోయింది, కాస్త వేడి చేసి పట్రా," అన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిందో లేదో, తెర మీద కారు మలుపులో కొయ్యబారిపోయింది. తేరుకునేసరికి గోడకు గుద్దుకుని ఉంది. సొంత కారు గుద్దుకున్నందుకు అంతగా మురిసిపోయిన మనిషి మరొకరు ఉండరు.

"ఇది ప్రాక్టీసు, లెక్కలోకి రాదు," అంటూ ఆవిడ కొంగు బిగించింది. నెట్ అందరూ వాడుతుంటే ఆట ఆగదా మరి? లోపల గదిలో కూతురు ఆన్‌లైన్ పాటల క్లాసులో ఉంది.

"ఇవాళ్టికి క్లాసు మానెయ్యవే."

"మానితే కాళ్ళు విరగ్గొడతానన్నావు కదమ్మా నిన్న."

"నిన్న వేరు."

పై అంతస్తు పిన్నిగారు వాడుకునేదీ ఈ ఇంటి నెట్టే. మాస్టారి భార్య మెట్లెక్కి వెళ్ళింది. కార్ల ఆట అని చెప్పడానికి నోరు రాలేదు. "కాసేపు నెట్ ఆపుతారా? మా ఆయనకి ముఖ్యమైన పనుంది. మా ఇంట్లో చాలా విషయాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి."

"ఇంటర్వ్యూనా? హెడ్మాస్టరు పోస్టుకా?" అన్నారు పిన్నిగారు కళ్ళు పెద్దవి చేసి. "నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమవుతుందిలే."

మాస్టారి భార్య కిందికి దిగేలోపే ఆ వార్త అన్ని గుమ్మాలూ తట్టింది. పక్కింట్లో గోడకు మేకులు కొట్టడం ఆగింది. మెట్ల మీద జనం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు.

అసలు పందెం మొదలైంది. కారు నల్లేరు మీద బండిలా సాగింది. చివరి చుట్టుకొచ్చేసరికి మాస్టారు భార్యతో ఒప్పందం సంగతే మరిచిపోయారు. చెమటలు కారుతుండగా "తప్పుకో, తప్పుకో" అని గొణుగుతున్నారు. ఆయన కుర్చీ వెనక భార్య ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే పిన్నిగారు పిల్లిలా లోపలికొచ్చి ఆయన అవస్థ చూశారు. ఆవిడ గుండె తరుక్కుపోయింది. "పాపం, ప్రశ్నలతో చంపుతున్నట్టున్నారు," అనుకుని వంటింట్లోకి వెళ్ళి, గ్లాసెడు పాలు మైక్రోవేవ్‌లో పెట్టారు.

కారు ఆగిపోయింది. పాలు వేడయ్యి గంట మోగాకే మళ్ళీ కదిలింది. అప్పటికి బావమరిది గీత దాటేశాడు.

"చెప్పానా?" అన్నారు మాస్టారు, ఓడిపోయిన బాధ ఏ కోశానా లేకుండా. ఆవిడ మిషన్ అట్టపెట్టె మీద కూలబడింది. ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం భోజనాలకి మళ్ళీ గుడ్డలన్నీ తీయాలి.

బావమరిది ఫోన్ చేశాడు. మాస్టారు స్పీకర్‌లో పెట్టారు. "ఏంటి బావా, చివర్లో నిద్రపోయావా?"

"నిద్ర కాదురా, నీ క్లౌడ్ ఆగిపోయింది. ఎన్ని చెప్పు, సొంత డబ్బాకి సాటిరాదు."

"నేను ఆడిందీ దాన్లోనే బావా. నా కంప్యూటర్ ఎప్పుడో అమ్మేశా. ఇప్పుడు సెలూన్లో నా వంతు కోసం కూర్చుని ఫోన్లో ఆడా."

మాస్టారి గొంతు తగ్గింది. "అయితే ఇన్నాళ్ళూ నన్ను ఓడించింది ఫోన్‌తోనా?"

"ప్రతిసారీ కాదులే. ఇంతకీ మీ వైఫై పెట్టె ఎక్కడుంది?"

"మైక్రోవేవ్ మీద మామయ్యా," అంది గదిలోంచి వచ్చిన కూతురు.

"అదీ సంగతి. మైక్రోవేవ్ నడిచినప్పుడల్లా పక్కనున్న వైఫై తడబడుతుంది. హాల్లో పెట్టొచ్చుగా?"

"హాల్లో ప్లగ్గులన్నీ మీ బావ డబ్బాకే చాలట్లేదురా," అంటూ మాస్టారి భార్య లేచి, ఆ డబ్బా వైరు పీకి, వైఫై పెట్టె తెచ్చి అక్కడ తగిలించింది. మాస్టారు లాప్‌టాప్‌లో మరో రౌండు ఆడుతుండగా పిన్నిగారి పాలు ఇంకోసారి వేడయ్యాయి. కారు ఆగలేదు. లెక్క తేలిపోయాక లెక్కల మాస్టారు మాత్రం ఏమంటారు? స్టూలు వేసుకుని డబ్బాను అటకెక్కించారు.

అంతవరకూ పాలగ్లాసుతో నిలబడే ఉన్న పిన్నిగారు ఇక ఉండబట్టలేక అడిగారు. "ఇంతకీ ఉద్యోగం ఎవరికొచ్చిందమ్మా?"

"నాకే పిన్నిగారూ," అంటూ ఆవిడ అట్టపెట్టెలోంచి మూలకు చేరిన మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది.