ఐసు ఏ గదిలోకి వస్తుంది?

సాఫ్ట్‌వేర్‌లో ఎనాలిసిస్ ఒకరు, డిజైన్ ఇంకొకరు చెయ్యాలని, ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదని కనిపెట్టిన మహానుభావుడికి బందరు కోనేరు సెంటర్లో విగ్రహం పెట్టించాలి! కాదంటారా? అయితే మీరు వేంకటేశ్వర్లుని ఎరగరన్నమాట.

గుడివాడ లెక్కల మాస్టారి కొడుకు వేంకటేశ్వర్లు 2001లో బందరులో ఓ చిన్న కంప్యూటర్ కంపెనీలో ఎనలిస్టు. జనం చెప్పింది విని, వాళ్ళకి కావలసింది 'ఏమిటి' అన్నది డబ్బాలూ బాణాలూ గీసి చూపించడం ఆయన వంతు. ఆ డబ్బాలను ఆబ్జెక్టులంటారు, మొత్తం బొమ్మని మోడల్ అంటారు, భయపడకండి. పని 'ఎలా' జరగాలన్నది ప్లైవుడ్ గోడకి అవతల గదిలో కూర్చునే కృష్ణప్రియ వంతు. 'ఏమిటి'లోకి 'ఎలా' దూరిందా, మోడల్ మైలపడిపోయినట్టే! వేంకటేశ్వర్లు వాళ్ళ బామ్మ మడిబట్టనైనా అంత భద్రంగా చూసుకుని ఉండదు.

హంసలదీవి దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళ సొసైటీకి కంప్యూటర్ పెట్టే పని వచ్చింది. వాళ్ళందరిలోకీ పెద్దదైన జ్ఞానమ్మ గంటసేపు విడమరిచి చెప్పింది. పడవ రావడం, చేప దింపడం, బుట్టలకెత్తడం, గుడివాడ మార్కెట్టుకి బండి ఎక్కించడం. ఆయన అన్నీ గీసుకుని, కింద 'చేప తాజాగా ఉండవలెను' అని రాసుకున్నాడు.

"ఐసు రాయలేదేం బాబూ?" అంది జ్ఞానమ్మ.

"తాజాగా ఉండాలన్నది 'ఏమిటి' అండీ. ఐసు వెయ్యడం 'ఎలా' కిందికొస్తుంది. అది నా గది కాదు."

"గదేంటి బాబూ! ఐసు లేకపోతే చేప కుళ్ళిపోద్ది గదా!"

ఎంత అమాయకత్వం చూడండి! పుట్టినప్పట్నుంచీ చేపలతోనే బతికిన మనిషికి చేపల గురించి ఏం తెలుస్తుంది? ఆయన నవ్వుకుని వచ్చేశాడు.

గోడ అవతల కృష్ణప్రియ మాత్రం తక్కువ తిందా? చేపకి ఐసు కావాలని ఆవిడకీ తెలుసు. కానీ మోడల్లో లేనిది చేరిస్తే అది ఎనాలిసిస్ అయిపోదూ? పరాయి గదిలో వేలు పెట్టడం మర్యాద కాదు. అందుకని స్క్రీన్ మీద 'తాజా' అని ఓ గడి పెట్టి, పక్కన 'అవును, కాదు' అని రాసి ఊరుకుంది. సొసైటీ గుమాస్తా పున్నయ్య 'అవును' నొక్కాడు. చేప తాజా అయిపోయింది!

ఈలోగా కంపెనీలో రెండు గదులకీ ఏసీలు వచ్చాయి. వేడికి కంప్యూటర్లు పాడవుతాయట. ఆ సంగతి మాత్రం ఏ మోడల్లోనూ రాయకుండానే అందరికీ తెలిసింది.

మే నెల వచ్చింది. కంప్యూటర్ అచ్చేసిచ్చే చీటీలో లేనిది బండి ఎక్కించకూడదని సొసైటీకి కంపెనీ పెట్టిన నిబంధన. చీటీలో పండుగప్ప ఉంది, బుట్ట ఉంది, బండి ఉంది. ఐసు లేదు. జ్ఞానమ్మ లబోదిబోమంది. "తాజా అవునని ఉందిగా పిన్నీ!" అన్నాడు పున్నయ్య. బండి పామర్రు చేరేసరికి వెనక సైకిళ్ళవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఇరవైమంది ఆడవాళ్ళ కష్టాన్ని గుడివాడలో గొయ్యి తీసి పూడ్చారు. బండి వెంట వెళ్ళిన జ్ఞానమ్మ ఒక్క బుట్ట మాత్రం పూడ్చనివ్వలేదు.

కంపెనీలో విచారణ జరిగింది. ఎనాలిసిస్‌లో తప్పులేదు, చేప తాజాగా ఉండాలని రాసే ఉంది. డిజైన్‌లోనూ తప్పులేదు, మోడల్లో ఉన్నదంతా చేసే ఉంది. ఇద్దరికీ మెచ్చుకోలు కాగితాలిచ్చారు. విడదీయడంలోని సుఖం చూశారా? ఇద్దరూ కూర్చుని ఒకే బొమ్మ గీసి ఉంటే, పాపం, ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవలసి వచ్చేది!

మర్నాడు జ్ఞానమ్మ ఆ బుట్టని బస్సు టాపు మీద వేయించుకుని బందరు వచ్చింది. మేడమెట్లెక్కి రెండు తలుపుల మధ్య నిలబడింది. వేంకటేశ్వర్లుకి సిగ్గేసింది. ఆవిడ మొహం చూడలేక గోడకి అంటించిన తన బొమ్మ వైపు చూశాడు. ముచ్చటగా ఉంది, ఎక్కడా ఒక్క మరక లేదు.

ఆవిడ బుట్ట మీది గోనె తీసింది. గోడకి అవతలనుంచి కృష్ణప్రియ కూడా ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ఇదేంటో నాకు తెల్సు బాబూ. ఎలాగయ్యిందో కూడా తెల్సు. ఏ గదిలో దించమంటారో అది చెప్పండి చాలు."