మా ఆయన ప్రేమకథ పొలుసు ఊడిన రోజు

అక్షరాలు నాకు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథలో జరిగిన తప్పు మాత్రం నాది కాదు, మా ఆయనది.

మా ఆయన పేరు సత్యవేదం. మండవల్లిలో చేపల చెరువుల మీద మేస్త్రీ. పెళ్ళికి ముందు పెంటపాడులో అచ్చమ్మ అనే అమ్మాయి తనను ప్రేమించిందనీ, కాలువ గట్టున తన కోసం వెక్కివెక్కి ఏడ్చిందనీ ముప్పై ఏళ్ళు చెప్పారు. టీ కొట్టులో చెప్పారు, చెరువు గట్టున చెప్పారు, ఆఖరికి మా పెళ్ళిరోజు ప్రార్థనలో కూడా చెప్పారు. విన్నవాళ్ళు ఆయన భుజం తట్టేవారు. నేను వాళ్ళకు టీ ఇచ్చేదాన్ని.

2003లో ఒక ఆదివారం కొత్త అల్లుడు జోసెఫ్ భోజనానికి వచ్చాడు. అచ్చమ్మ కథ కూడా వడ్డించడం అయ్యాక, పాపం ఏమీ తెలియక అడిగాడు.

“మరి అత్తయ్యగారికి ఎవరూ లేరా అండీ?”

“ఎందుకు లేరు బాబూ? ఒకాయన ఉండేవారు. పెరుగు వేసుకో.”

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అల్లుడు అటు వెళ్ళగానే విచారణ మొదలైంది.

“ఎవడే వాడు?”

“పాత సంగతి. ఇప్పుడెందుకండీ?”

“పరువుగల ఆడది ఇలాంటివి నోటితో చెప్తుందా?”

“మీరు ముప్పై ఏళ్ళు చెప్తే విన్నాను కదండీ.”

“నేను మగాణ్ణి!”

“అచ్చమ్మ ఆడదే కదండీ. ఆవిడ మీ కోసం ఏడిస్తే మీకు గొప్ప, నన్నెవరో ఇష్టపడితే నాకు తప్పా?”

ఆయన గొంతు పెంచారు. “పేరు చెప్పేదాకా గుమ్మం దాటడానికి వీల్లేదు!”

అక్కడే నా ప్రాణం పట్టుకున్నారు. ఆ శనివారం తాడేపల్లిగూడెంలో చర్చి స్త్రీల కూటం. ఏడాదిపాటు కూడబలుక్కుని నేర్చుకున్న చదువుతో మైకు ముందు బైబిలు వాక్యం చదవమని పాస్టరమ్మ ప్రసన్నకుమారిగారు నన్ను అడిగారు. అయినా పేరు చెప్పలేదు. భయపడి చెప్తే నిజంగానే తప్పు చేసినట్టవుతుందని.

బుధవారం ఆయనే మెత్తబడ్డారు.

“సరే వెళ్ళు. నేనూ వస్తాను.”

“ఆడవాళ్ళ కూటానికా అండీ?”

“వంటకి మగాళ్ళు కావాలన్నారుగా. దేవుడి పని.”

దేవుడి పని కాదు, డిటెక్టివ్ పని. ఆ ఒకాయన కూటం దగ్గరికి వస్తాడేమో, గూడెంలో నన్నెవరు పలకరిస్తారో చూడాలని మా ఆయన ప్లాను. నేను వెళ్ళి పాస్టరమ్మగారి చెవిన వేశాను. ఆవిడ నవ్వాపుకుని, “అయితే ఆయనకి చేపలు అప్పజెప్పుదామమ్మా” అన్నారు.

రెండు డ్రమ్ముల శీలావతి చేపలు. శీలం గురించి అంత పట్టింపున్న మనిషి పందిరి వెనక పీట మీద కూర్చుని పొద్దుటి నుంచి శీలావతుల పొలుసు తీశారు. మూడుసార్లు లోపలికి తొంగిచూస్తే మూడుసార్లూ “మగవాళ్ళు రాకూడదండీ” అని వాలంటీరు అమ్మాయిలు వెనక్కి పంపారు. టెంటు హౌసు పాండురంగారావుగారు నా మైకు ఎత్తు సరిచేసి బయటికొస్తే, మా ఆయన చేతిలో చేపల కత్తితోనే అడ్డం నిలబడి “మీదే ఊరు?” అన్నారట. పాండురంగారావుగారు హడలిపోయి, “గూడెమేనండీ. పెళ్ళయిపోయిందండీ” అన్నారట.

నేను చదివాను. పది వచనాలు. ఒక్కచోట నాలుక తడబడింది, ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ చదివాను. నాలుగు వందలమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. పొయ్యిల దాకా వినబడే ఉంటుంది.

భోజనాల వేళ పెంటపాడు సంఘంవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వచ్చారు. వాళ్ళలో అచ్చమ్మ! నేను కంచం పట్టుకుని పక్కనే ఉన్నాను. మా ఆయన గబుక్కున లేచి జుట్టు సర్దుకున్నారు. నాలుగు పొలుసులు జుట్టుకి అంటుకున్నాయి.

“అచ్చమ్మా! నేను, సత్యవేదాన్ని.”

ఆవిడ ఎగాదిగా చూసింది. “ఏ సత్యవేదమండీ?”

“కాలువ గట్టున... నువ్వు ఏడ్చావు చూడు...”

“ఓ, మా మేకపిల్ల కాలువలో పడిన రోజా! దాన్ని బయటికి తీసింది మీరేనా?”

“కాదు.”

“మరి మీరెవరండీ?” అంది. జవాబు కోసం ఆగలేదు. “తలకాయలు పారేయకండి పెద్దాయనా, పులుసు బాగుంటుంది” అని వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాను ఏలూరు దాటేదాకా ఆయన జుట్టులో పొలుసులు ఏరుకున్నారు. తరవాత మెల్లగా, “బాగా చదివావు” అన్నారు. ఇంకాస్త దూరం పోయాక, “ఆయన రాలేదా?” అని అడిగారు. వాడు కాస్తా ఆయన అయ్యాడు.

“రాకపోయినా నాకు ఆయన గుర్తేనండీ. మీ అచ్చమ్మకే మీరు గుర్తు లేరు.”

వ్యానులో ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. కాస్త ఆలస్యంగా ఆయనా నవ్వారు.

మరుసటి ఏడు కూటానికి ఆ ఒకాయన పేరు చెప్పకుండానే బయలుదేరాను. ఆయన వ్యాను దాకా వచ్చి నా బైబిలు సంచి అందించారు. “ఈసారి ఎన్నో అధ్యాయం?” అన్నారు. ఇంకేమీ అడగలేదు.

సువార్తమ్మ,
వయసు యాభై అయిదు,
ప్రస్తుతం కూతురు నిస్సీ పక్కవాటాలో,
వట్లూరు, ఏలూరు దగ్గర.