ఎనిమిది ఇళ్ళకు ఒకటే తీగ

ఆ శనివారం ఉదయం గడ్డం గీసుకుని, ఫోన్‌లో సెల్మాను పెళ్ళికి అడిగేసి, తొమ్మిదింటికల్లా పొలంలో ఉండాలని ఎమిల్ తోర్సన్ ఆలోచన. టీచరు సెల్మా ఎదురుపడితే ఆయనకు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ ఏడే అమెరికాలోని ఆ మిన్నెసోటా పల్లెల్లోకి ఫోన్ వచ్చింది. మొహం చూడకుండానే మనసులో మాట చెప్పేయొచ్చు! ఆ ఆత్రంలో గడ్డం సగంలోనే వదిలేశాడు.

చిక్కల్లా, ఎనిమిది ఇళ్ళకూ ఒకటే తీగ. ఎవరికి ఫోన్ చేసినా అన్ని ఇళ్ళలోనూ గంట మోగుతుంది. సెల్మాకైతే రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట. అది మోగగానే మిగతా ఆరిళ్ళ ఆడవాళ్ళూ పిండి చేతులు తుడుచుకుని ఫోనెత్తడం అక్కడి ఆనవాయితీ. ఎత్తినవాళ్ళు పెరిగేకొద్దీ తీగలో అవతలివాళ్ళ గొంతు సన్నబడిపోతుంది.

"సెల్మాగారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?" కళ్ళు మూసుకుని అనేశాడు ఎమిల్.

చీమ గొణిగినట్టు ఏదో వినిపించింది.

"ఏమన్నారూ?"

మళ్ళీ అదే గొణుగుడు.

"ఎవరండీ వింటున్నది? పెట్టేయండి!"

"నేనేం వినడంలేదు బాబూ," అంది పక్కింటి బెర్తమ్మ. ఇల్లు దగ్గర కనక ఆవిడ గొంతు ఖంగుమంది. వెనకాల ఆవిడ గోడగడియారంలో పిట్ట ఎనిమిదిసార్లు కూసింది.

"పెట్టేయమంటుంటే!" ఎమిల్ గావుకేక పెట్టాడు.

పెట్టేసింది సెల్మా ఒక్కతే.

"బెర్తమ్మగారూ, ఆవిడేమందో చెప్పండి!"

"వింటేగా చెప్పడానికి!"

అవునందో, కాదందో తెలియక ఎమిల్‌కు కాలు నిలవలేదు. గదిలో నాలుగుసార్లు తిరిగి, సగం గడ్డంతోనే గుర్రబ్బండి తోలాడు. సెల్మా ఇంటిముందు అప్పటికే ఆరు బండ్లు. ఆరుగురు ఆడవాళ్ళ చేతుల్లోనూ ఆరు కేకులు.

"ఇటుగా పోతూ ఆగాం," అంది బెర్తమ్మ.

సెల్మా గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "పెట్టేయమని అరిచారుగా? మళ్ళీ ఎందుకొచ్చారు?"

ఎమిల్‌కు నాలుక మళ్ళీ మొరాయించింది. చివరికెలాగో, "ఫోన్‌లో... మీరు... కాదన్నారా?" అన్నాడు.

"కాదేమిటయ్యా, రెండుసార్లు సరేనంటే!" ఆరుగురూ ఒక్కసారే అనేశారు.

తర్వాత ఎవరి కేకు వంక వాళ్ళు చూసుకున్నారు. సెల్మాకు నవ్వాగలేదు.

"ఇంతమంది సాక్షులుండగా మాటెలా తప్పుతాను?" అంది. ఎమిల్‌కు ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళికి శుభలేఖలు వేయించలేదు. పక్క ఊళ్ళో ఉన్న చెవిటి పిన్ని ఒక్కదానికే ఎమిల్ ఫోన్‌లో తేదీ చెప్పాడు. పిన్ని తప్ప అందరూ వచ్చారు.