పసుపు దీపానికి సంజాయిషీ నోటీసు

వాహన ధ్రువీకరణ కార్యాలయం ప్రధానాధికారి గారి కారులో సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఒక పసుపు దీపం ముందస్తు అనుమతి లేకుండా వెలిగినదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

దీపం స్పీడు చూపించే ముల్లు పక్కన ఉంటుంది. ఇంజన్ బొమ్మ ఆకారం, గోరంత సైజు. అంత చిన్న వస్తువు నాలుగంతస్తుల కార్యాలయాన్ని ఎదిరిస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఈ కార్యాలయం ఏం చేస్తుందో మీకు తెలుసు. ఎక్కడికైనా నడిచే వెళ్ళే ఒకరిద్దరి కోసం చెబుతున్నాను. ఊళ్ళో ఏ బండికైనా లోపం లేదని కాగితం ఇచ్చేది వీళ్ళే. కాగితం ఉన్న బండి మంచి బండి, లేనిది చెడ్డ బండి. మధ్యలో బండిని చూడడం ఒకటి ఉండేది గాని, దానివల్ల ఆలస్యమవుతోందని తీసేశారు. ఇప్పుడు రోజుకు రెండు వందల బండ్లు ఇంట్లోంచి కదలకుండానే ఆరోగ్యంగా తేలుతున్నాయి.

ప్రధానాధికారి కారుకు అంతకుముందు గురువారమే కాగితం వచ్చింది. ఇచ్చింది ప్రధానాధికారి, పుచ్చుకుంది ప్రధానాధికారి. "ఈ వాహనమునందు ఏ లోపమూ లేదు, ఏడాది వరకు ఉండదు" అని అందులో స్పష్టంగా ఉంది.

చిక్కు మీకు అర్థమయ్యే ఉంటుంది. కాగితం ఒకటి చెబుతోంది, దీపం ఇంకోటి చెబుతోంది. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది. కాగితానికి గుండ్రటి ముద్ర ఉంది. దీపానికి లేదు.

దాన్ని మొదట చూసినవాడు డ్రైవరు. పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. అతన్ని పర్మనెంట్ చేసే కాగితం అన్ని బల్లలూ దాటి ఎట్టకేలకు ప్రధానాధికారి బల్ల మీదికి చేరింది. ఒక్క సంతకం పడితే రెండు గదుల క్వార్టర్సు వస్తుంది. అతని భార్య ఆ క్వార్టర్సు కిటికీలు బయటి నుంచే కొలుచుకొచ్చి కర్టెన్లు కూడా కుట్టేసింది.

"సార్, ఇంజన్ లైటు వెలిగింది" అన్నాడు డ్రైవరు. "నిలకడగా ఉంది కాబట్టి కంగారేం లేదు. కానీ ఒకట్రెండు రోజుల్లో చూపించాలి. మిణుకు మిణుకుమందంటే మాత్రం అక్కడికక్కడే ఆపెయ్యాలి సార్."

"ఎవరు చెప్పారు?"

"కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది సార్."

"ఆ పుస్తకం మీద మన ముద్ర ఉందా?"

లేదు. చర్చ అక్కడితో ముగిసింది. అయితే ప్రధానాధికారి దయగల మనిషి. "శుక్రవారం తప్పుల్లేని కాగితాల పోటీలో మనకి షీల్డు ఇస్తున్నారు. పదకొండింటికల్లా నన్ను సభకి చేర్చు. షీల్డు చేతికొచ్చిన గంటలో నీ కాగితం మీద సంతకం పడుతుంది. చేర్చలేదనుకో, నువ్వెవరో నేనెవరో" అన్నారు.

కార్యాలయానికి ఎదురుగా రోడ్డు దాటితే ఒక రేకుల షెడ్డు. అక్కడి మెకానిక్ యాభై ఏళ్ళావిడ. అందరూ అక్కా అంటారు. డ్రైవరు కారును అక్కడికి తీసుకెళ్ళాడు. ఆవిడ స్టీరింగ్ కింద చిన్న యంత్రం తగిలించి, వచ్చిన నంబరు చదివి, పెదవి విరిచింది.

"రెండో సిలిండరు సరిగా మండట్లేదు తమ్ముడూ. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పోయింది. అరగంట పని. నువ్వు టీ తాగొచ్చేలోపు అయిపోద్ది."

"వదిలేస్తే?"

"మండని పెట్రోలు సైలెన్సరు గొట్టంలోకి పోయి అక్కడ మండుద్ది. అప్పుడు అరగంట కాదు, నాలుగు రోజులు. ఈలోపు నీ సారుని భుజానేసుకు తిరుగు."

అరగంట పనే. అనుమతి కోసం డ్రైవరు సూపరింటెండెంటు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన నిబంధనల పుస్తకం తెరిచారు. లోపం లేని వాహనాన్ని బాగుచేయడం నేరం. బాగుచేయాలంటే లోపం ఉన్నట్టు పత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వాలంటే ముందు ఇచ్చిన పత్రం తప్పని, సంతకం చేసిన అధికారి రాసివ్వాలి. దానికి ఒక ఫారం ఉండాలి. కార్యాలయం పుట్టిన నాటినుంచి అటువంటి ఫారం అచ్చువేయలేదు. అవసరం పడలేదు.

మంగళవారం దీపానికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. "ధ్రువీకరించబడిన వాహనములో ఉంటూ, సదరు వాహనము ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు నీవు ఏల వెలుగుచున్నావో నలుబది ఎనిమిది గంటలలో తెలుపవలెను." సూపరింటెండెంటు కారు ముందు సీట్లో కూర్చుని, దీపం పరువు నలుగురిలో పోకుండా అద్దాలు పైకెత్తి, నోటీసును రెండుసార్లు చదివి వినిపించారు. అందినట్టు సంతకం కావాలి కదా. "దీపం తరఫున" అని రాసి డ్రైవరు చేత పెట్టించారు.

దీపం సంజాయిషీ ఇవ్వలేదు సరికదా, గడువు ముగిసిన నిమిషంలో కూడా వెలుగుతూనే ఉంది. ఇంతటి తలపొగరు కార్యాలయ చరిత్రలో లేదు.

ఈ చర్య మిగతా విభాగాలకు ధైర్యమిచ్చింది. బరువు ఎక్కువైందని లిఫ్టులో మోగే గంటకు మెమో వెళ్ళింది. నిప్పంటుకుంటే అరిచే అలారం ఇంకా అరవకపోయినా, దాని ఉద్దేశం తెలిసిపోయింది కనుక ఎవరూ వెళ్ళని రికార్డు గదికి బదిలీ చేశారు. సిబ్బంది వచ్చేసరికి పదకొండు చూపిస్తున్న గోడ గడియారాన్ని దీర్ఘకాల సెలవు మీద పంపారు. సూపరింటెండెంటుకు జ్వరం ఉందని చెప్పిన థర్మామీటరుకు, మొదటి తప్పు కాబట్టి, మందలింపుతో సరిపెట్టారు.

గురువారం సాయంత్రం డ్రైవరు మళ్ళీ షెడ్డుకు వెళ్ళాడు. "అక్కా, రేపొక్కరోజు బండ్లు లాగే నీ లారీ తీసుకుని మా వెనకాలే రా. పుణ్యముంటుంది" అన్నాడు.

"బాగుచేస్తానంటే వద్దంటారు. చచ్చాక మోయడానికి రమ్మంటారా!" అందావిడ. తిట్టింది గాని, వస్తానంది.

శుక్రవారం ఉదయం ప్రధానాధికారి, సూపరింటెండెంటు వెనక సీట్లో కూర్చున్నారు. ఇరవై కిలోమీటర్లు బాగానే నడిచింది. ఆ తర్వాత కారు దగ్గుతున్న మనిషిలా కుదిపింది. నాలుగు రోజులు నిలకడగా ఉన్న దీపం మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది.

"సార్, ఆపాలి సార్."

ప్రధానాధికారి ముందుకు వంగి చూశారు. ఆయన ముఖం వికసించింది. "చూశావా! ఇన్నాళ్ళూ కళ్ళప్పగించి చూసింది. ఇప్పుడు రెప్పలు కొడుతోంది. భయపడింది."

"సార్, ఇది మరీ ప్రమాదం సార్. ఇప్పుడు ఆపితే బతుకుతుంది."

"క్షమాపణ అడుగుతుంటే ముఖం మీదే తలుపు వేస్తామా? పోనీయ్."

కారు ఊగుతుండగా సూపరింటెండెంటు ఫైల్లో "పశ్చాత్తాపము కనిపించుచున్నది" అని వంకరటింకరగా రాశారు. మరో పది కిలోమీటర్లకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కారంతా కమ్ముకుంది. ప్రధానాధికారి మెల్లగా సూపరింటెండెంటు వైపు తిరిగారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పై అధికారి అభిప్రాయాన్ని ఒక్కసారీ కాదనని ఆ మహానుభావుడు తల వంచి, "మన్నించాలి సార్" అన్నారు.

సభ మూడు కిలోమీటర్లు ఉందనగా కారు ఆగిపోయింది. టైము పదీ ముప్పావు.

"కారు ఆగలేదు. విశ్రాంతి తీసుకుంటోంది" అని ప్రధానాధికారి ప్రకటించారు. ఆ మాట పూర్తయ్యేలోపు వెనకనుంచి లారీ వచ్చి ముందు నిలబడింది. అక్క దిగి గొలుసు తీసింది.

సూపరింటెండెంటు కంగారుపడ్డారు. లాగించుకునే కారు చెడిపోయిన కారవుతుంది. చెడిపోయిన కారుకు కాగితం ఉండకూడదు. రోడ్డు పక్కనే నిలబడి ఆయన ఆలోచించిన రెండు నిమిషాలూ పరిపాలనా చరిత్రలో నిలిచిపోతాయి. లారీని ప్రధానాధికారి గారి ముందు నడిచే గౌరవ వాహనంగా గుర్తించారు. రెండు వాహనాల మధ్య భద్రతా దూరం తగ్గకుండా, పెరగకుండా ఉండేందుకు గొలుసును మంజూరు చేశారు.

"పేరేదైనా పెట్టుకోండి" అంది అక్క. "తమ్ముడూ, ఇంజన్ తిరగట్లేదు కాబట్టి బ్రేకు బిగుసుకుపోద్ది. గట్టిగా తొక్కు."

పదకొండుకు రెండు నిమిషాల ముందు కారు సభా ప్రాంగణంలోకి ప్రవేశించింది. న్యాయనిర్ణేతలు లేచి నిలబడ్డారు. పొగ లేదు! శబ్దం లేదు! ఇంతటి లోపం లేని వాహనాన్ని తాము ఎన్నడూ చూడలేదన్నారు. షీల్డు అందుకుని ప్రధానాధికారి ఇలా ప్రసంగించారు: "మిత్రులారా! మా కార్యాలయంలో లోపాలు లేవు. లోపాలున్నాయని చెప్పేవి కొన్ని ఉన్నాయి. వాటిని సరిచేస్తున్నాం." చప్పట్లు నాలుగు నిమిషాలు మోగాయి.

మాట ప్రకారం గంటలోపే, సభ వెనక గదిలో, డ్రైవరు కాగితం మీద సంతకం పడింది. అతను వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. "ఏమేవ్, పడింది! కర్టెన్లు ఇస్త్రీ చెయ్!"

అతను ఫోన్ పెట్టేసేలోపు సూపరింటెండెంటు రెండో కాగితం అందించారు. అది డిస్మిస్ ఆర్డరు.

"ఇదేంటి సార్? ఇప్పుడేగా పర్మనెంట్ చేశారు!"

"చెయ్యకపోతే ఎలాగయ్యా?" అన్నారు సూపరింటెండెంటు ఓపిగ్గా. "తాత్కాలిక ఉద్యోగిని డిస్మిస్ చెయ్యడానికి నిబంధనల్లో వీల్లేదు. నీకోసం నాలుగు రోజులుగా ఎంత అవస్థ పడ్డామో నీకేం తెలుసు?"

నేరాలు మూడు. ఒకటి, విధి నిర్వహణలో దీపం వైపు చూచుట. రెండు, కారు ఆగునని ముందే తెలిసియుండుట. తెలియని ఇద్దరు అధికారులు నిర్దోషులు కావడాన్నిబట్టి ఇది రుజువైంది. మూడు, దీపం తరఫున సంతకం చేసి దాని మనిషినని తానే ఒప్పుకొనుట.

డ్రైవరు ఇప్పుడు రోడ్డుకు అవతల రేకుల షెడ్డులో స్పానరు తిప్పుతున్నాడు. కర్టెన్లు అక్కడ చేతులు తుడుచుకోవడానికి పనికొస్తున్నాయి. దీపం వెలిగిందని వచ్చేవాళ్ళకు కొదవ లేదు. "ఇంజన్ సంగతి తర్వాత అన్నా, ముందు ఆ లైటు ఆర్పెయ్" అని మాత్రమే అడుగుతారు.

కార్యాలయంలో కొత్త డ్రైవరు పోస్టుకు ప్రకటన వెలువడింది. అర్హత ఒక్కటే: పసుపు రంగు కనపడకూడదు. నాలుగు వందల పన్నెండు మంది వచ్చారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, బల్ల మీద బాగా మాగిన నిమ్మపండు పెట్టి ఏ రంగని అడిగారు. మొదటి పదిమంది నీలం అన్నారు. వాళ్ళని పంపించేశారు. పదకొండోవాడు బల్లంతా కలయజూసి, "ఏ పండు సార్?" అన్నాడు. ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చేశారు.

అయినా వరుస కదల్లేదు. ఇంకెక్కడైనా ఖాళీ పడకపోతుందా అని అందరూ బయటికి పొక్కిన ఆ జవాబే బట్టీపడుతూ నిలబడ్డారు. మీరూ కనిపించారు. కంగారుపడకండి, ఎవరికీ చెప్పను. నేను మీ వెనకే ఉన్నాను.