పదిహేను వీటోలు

ఆ గురువారం పొద్దున జ్ఞానేశ్వర్ మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి పిల్లలతో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆడించాలి. పదకొండింటికి చేవెళ్ల నుంచి వచ్చే విద్యాశాఖ అధికారికి దాన్ని చూపించాలి. పన్నెండున్నరకు అందరూ అన్నం తినాలి. మొయినాబాద్ శివారులోని ఆ బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఆయనకు ప్రపంచశాంతి మీద నిజంగానే బెంగ ఉంది.

పదో తరగతి పిల్లలు పదిహేను మంది ముందురోజే చీటీలు తీసి పదిహేను దేశాలయ్యారు. అందులో ఐదు పెద్ద దేశాలకు వీటో ఉంటుంది. వాళ్లలో ఒక్కరు కాదన్నా తీర్మానం అక్కడితో ఆగిపోతుంది. అఖిల మాత్రం మండలిలో లేదు. బాంబులు పడుతున్న ఒక చిన్న దేశం తరఫున వచ్చి, యుద్ధం ఆపమని మూడు నిమిషాలు మాట్లాడాలి. దానికోసం నాలుగు రోజులు కూర్చుని రాసుకుంది. వాళ్లమ్మ పెంటమ్మ బంతితోట పని మానుకుని వచ్చి, వెనక బెంచీలో ఒదిగి కూర్చుంది.

"మొదలు నీ బిడ్డే మాట్లాడ్తదమ్మా" అని మాస్టారు ఆమెకు మాటిచ్చాడు.

అంతకు ముందే, తొమ్మిదిన్నరకు, బాల్‌రాజ్ కారు దిగాడు. ఆయన ఊళ్లో పెద్ద రైతు, మాజీ సర్పంచ్, ఆ పదిహేను మందిలో ఒకడైన నవీన్ తండ్రి.

"ఏం సారూ, మా నవీన్‌కు వీటో లేని దేశమిచ్చినవంట?"

"చీటీల గట్లొచ్చిందన్నా."

"గట్లొస్తే గట్లనే ఇడిచిపెడ్తమా? ఊర్ల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

మాస్టారు మొహమాటస్థుడు. ఆయనకు వినాయక చవితి ఫ్లెక్సీ గుర్తొచ్చింది. ఒక్క నాయకుడి ఫొటో తప్పినా ఊళ్లో పండగ సాగదు కనుక అందరి ఫొటోలూ వేస్తారు, వినాయకుడే కాస్త మూలకు జరుగుతాడు. ఇక్కడా ఆ పద్ధతే మేలనుకుని ఆరో వీటో రాసిచ్చాడు.

సంగతి వాట్సాప్‌లో పాకింది. పదింటికల్లా మిగతా తొమ్మిది దేశాల తండ్రులూ గేటు దగ్గరున్నారు. "వాళ్లకిచ్చి మాకెందుకియ్యవ్?" అన్న ప్రశ్నకు ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. పదిహేను మందికీ వీటో వచ్చింది. అఖిల కోసం అడగాలని పెంటమ్మకు తెలియదు.

సభ మొదలైంది. ముందు అఖిలను పిలుద్దామని మాస్టారు అనగానే నవీన్ చెయ్యెత్తాడు.

"వీటో!"

"ఎందుకురా?"

"నాకున్నది గద సార్."

ఇంకొకరిని పిలుద్దామంటే ఇంకో దేశం ఆపింది. ఫ్యాను తగ్గించడం ఆగింది, కిటికీ తెరవడం ఆగింది. ఇకపై వీటో వాడొద్దన్న తీర్మానం కూడా వీటోతోనే పోయింది. తమ పిల్లాడు చెయ్యెత్తినప్పుడల్లా ఏదో ఒక తండ్రి కిటికీ అవతల చప్పట్లు కొడుతున్నాడు. భోజనానికి లేద్దామంటే అదీ వీగిపోయింది. వరండాలో అన్నం చల్లారిపోయింది.

అఖిల నిలబడే ఉంది. చేతి చెమటకు కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. తన మొహమాటమే ఆ పిల్ల నోరు మూసిందని మాస్టారికి తెలుసు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

పదకొండింటికి రావలసిన అధికారి ఒంటిగంటకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పది నిమిషాలు చూశాడు.

"ఎన్ని తీర్మానాలైనయ్ మాస్టారూ?"

"ఒక్కటి గూడ కాలే సార్."

అధికారి ముఖం వెలిగిపోయింది. "శభాష్! రోజూ వార్తలల్ల చూసేది అచ్చం గిదే. జిల్లా పోటీలకు మీ బడినే పంపుతున్న."

గది దద్దరిల్లింది. బాల్‌రాజ్ తన కారులో ఎప్పుడూ ఉండే శాలువా తెప్పించి మాస్టారికి కప్పాడు. చప్పట్లు సద్దుమణిగాక వెనక బెంచీ నుంచి పెంటమ్మ లేచింది.

"సారూ, మా బిడ్డ ఎప్పుడు మాట్లాడ్తది?"

మాస్టారు శాలువా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడే పెంటమ్మా. మాట్లాడు బిడ్డా."

అఖిల కాగితం విప్పి గొంతు సవరించుకుంది.

నవీన్ చెయ్యి అప్పటికే సగం లేచింది.