బర్రె తోకనుకున్నాడు

ఆ మంగళవారం పొద్దున సక్కుబాయి అనుకున్నది ఒక్కటే. పది గంటలకల్లా సంతోష్‌నగర్‌లోని పుట్టింటి నుంచి గౌలిపురాలోని మొగుడింటికి వెళ్ళాలి. అలిగి వచ్చి వారమైంది. మొగుడు బాలకిషన్‌కు నాలుగు బర్రెలు, పాల వ్యాపారం, గల్లీ మొత్తానికి సరిపడా గొంతు ఉన్నాయి. పప్పులో ఉప్పు తక్కువైతే ఆ సంగతి చివరి ఇంటివాళ్ళకు కూడా తెలిసిపోయేది. ఏ మనిషి మాత్రం ఎన్నాళ్ళని పడుతుంది?

పుట్టింట్లో పిల్లి ఉంది. అందుకని తన పెంపుడు ఉడుతను మొగుడి దగ్గరే వదలాల్సి వచ్చింది. గూట్లోంచి పడ్డ ఉడుత పిల్లకు దూదితో పాలు పట్టి పెంచుకున్నది. వస్తూ వస్తూ వేలు చూపించి మరీ చెప్పింది: "మీదికెల్లి చెయ్యి వెట్టకు, గద్ద అనుకుంటది. తోక అసలే వట్టకు. అరవకు. అరచేతిల పల్లీలు వెట్టుకొని కదలకుంట కూసో, అదే వస్తది. అది మంచిగుంటెనే నేను మళ్ల ఈ గడప తొక్కుత."

చీర సంచీ చేత పట్టుకుని బయలుదేరబోతుంటే పెంటయ్య సైకిల్ దిగాడు. బాలకిషన్ దగ్గర ఇళ్ళకు పాలు పోసే మనిషి. రొప్పుతూ వాకిట్లో ఉన్న సక్కుబాయి తల్లితో అన్నాడు: "అమ్మా, జల్ది రాండ్రి! మీ అల్లుడు మీ బిడ్డను సంపుతున్నడు!"

"ఎవర్నిరా?" అంటూ సక్కుబాయి గుమ్మంలోకి వచ్చింది.

"సక్కుబాయక్కను!" అనేసి, ఎదురుగా ఉన్నదెవరో చూసి పెంటయ్య నోరు తెరిచాడు. "పక్కింటి కాశమ్మ తోలిచ్చింది అక్కా. లోపట గడియ వెట్టుకొని ‘ఎంతసేపు దాక్కుంటవ్, బయటికి రా’ అని ఒకటే లొల్లి. గిన్నెలు గిట్ట పడుతున్నయ్. నువ్వే ఒచ్చినవనుకున్నం."

"నేనీడుంటె ఆడ దాక్కున్నదెవతె?"

పెంటయ్య సైకిల్ గంట వైపు చూశాడు. కోపంలో ఉన్న ఆడదానికి ఉడుత గుర్తొస్తుందా? సవతే గుర్తొస్తుంది. సక్కుబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. అన్న ఆనందరావును వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది.

"ఇయ్యాల ఫైసలా అయిపోవాలె," అన్నాడు అన్న, చొక్కా చేతులు మడుస్తూ.

గల్లీ అంతా తలుపు ముందరే ఉంది. సక్కుబాయిని చూడగానే కాశమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో బిడ్డా, నువ్వు బయటున్నవా! మరి లోపటున్నదెవతె? గంట సంది సప్పుడు గూడ లేదు!"

సక్కుబాయి తలుపుకు చెవి ఆనించింది. లోపలి నుంచి ఆమె ఎన్నడూ వినని గొంతు వినపడింది.

"రా తల్లీ, రా నా బంగారం. అలిగినవా? తప్పు నాదే. ఇగ అరవ, ఒట్టు."

పన్నెండేళ్ళ కాపురం! ఒక్కనాడు తనను బంగారం అన్న పాపాన పోలేదు. "అన్నా, పలగ్గొట్టు!" అని అరిచింది.

ఆనందరావు భుజం దెబ్బకు గడియ ఊడిపోయింది. లోపల బియ్యం డబ్బా బోర్లా పడి ఉంది, గిన్నెలన్నీ నేల మీదే ఉన్నాయి. వాటి నడుమ బాలకిషన్ పాలు పిండేవాడిలా గొంతుక్కూర్చున్నాడు. వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. చాచిన అరచేతిలో ఉడుత పల్లీ కొరుకుతోంది. దానికి తోక సగమే ఉంది.

"హుష్!" అన్నాడు తల తిప్పకుండా. "ఇప్పుడే ఎక్కింది."

సక్కుబాయి గడప అవతలే ఆగింది. "దాని తోకేది?"

"పంజరం కడుగుదామని తీస్తె ఉరికింది. బర్రె మొండికేస్తె తోక వట్టి మెలేస్తం గదా, చేతికి అలవాటాయె. సగం చేతికే ఒచ్చింది." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అరిచిన, ఎతికిన, రాలే. ఆఖరికి పాలు పిండేటప్పటి లెక్క కూసున్న. అరిస్తె బర్రె గూడ పాలు దాస్తది."

అది విని సక్కుబాయి కోపం రెట్టింపైంది. "అంటె నీకు తెల్సు! ఇన్నేండ్లు తెల్సు! బర్రె కాడ మెత్తగుంటవ్, ఉడుత కాడ మెత్తగుంటవ్. మరి నా కాడ్నే ఎందుకయ్యా ఆ గొంతు?"

బాలకిషన్ ఉన్నమాట చెప్పాడు. "ఎంత అరిచినా నువ్వు అన్నం వెట్టుడు ఆపలే గదా."

"నిజమే చెప్పిండు బిడ్డా," అంది కాశమ్మ.

సక్కుబాయి కాసేపు ఉడుతను చూసింది, మొగుణ్ణి చూసింది. తర్వాత చీర సంచీ తీసుకుని గడప తొక్కింది.

ఆనాటి నుంచి పప్పులో ఉప్పు తక్కువై బాలకిషన్ గొంతు లేచినప్పుడల్లా, ఆమె అతని కంచం తీసి గోడగూట్లో పెట్టి, అరచేతిలో నాలుగు పల్లీలు పట్టుకుని, అతను గొంతు తగ్గించి దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కూర్చునేది.