ఐదో ఎందుకు

ఆ ఆదివారం గవర్రాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కారు ఆటోనగర్ తీసుకెళ్లి తాతబాబు షాపులో స్టీరియో బాగుచేయించడం, వస్తూ వస్తూ గాజువాక మార్కెట్లో వంజరం చేప కొనడం, ఎండెక్కకముందే కూర్మన్నపాలెంలో ఇంటికి చేరడం. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజు చేప మాత్రం దొరికింది.

కారు పాత మారుతి. అందులో స్టీరియో మటుకు సింగపూర్ నుంచి ఓడలో వచ్చిందని చెప్పి వన్‌టౌన్‌లో ఎవరో అంటగట్టింది. అది చక్కగా పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి మూగబోయేది. గోతిలో పడితే చరణంలో సగం పాడేది, ఇంకో గోతిలో పడితే ఆ సగం కూడా మానేసేది. ఒక్కోరోజు ఏమీ చేయకుండానే ఇంటిదాకా పాడి, గేటు దగ్గర ఇంజను ఆపినా ఇంకా వినాలనిపించేలా చేసేది. పూర్తిగా పాడైపోతే మనిషికి ఒక బాధ. అప్పుడప్పుడూ బాగుంటే రోజూ బాధే.

గవర్రాజుకు ఇది నామోషీ కూడా. ఆటోనగర్‌లో ఇనుప కడ్డీలు చేసే ఒక మిల్లులో అతను సీనియర్ ఎలక్ట్రీషియన్. ఆగిపోయిన మోటారు మీద గవర్రాజు చెయ్యి వేస్తే చాలు తిరుగుతుందని పేరు. పైగా ఫోర్‌మన్ సూరన్న రిటైరైపోతున్నాడు. ఆ కుర్చీకి గవర్రాజూ, అశోక్ అనే ఇంకో ఎలక్ట్రీషియనూ పోటీ. ఎవర్ని కూర్చోబెట్టాలన్నది మేనేజరు శ్రీరామ్మూర్తి గారి చేతిలో ఉంది.

శ్రీరామ్మూర్తి గారు ఇంజనీరు, ఊరు కాకినాడ వైపు. మిల్లుకు ఐఎస్ఓ సర్టిఫికెట్టు తెప్పించాలని యజమాని ఆయన్ని హైదరాబాదులో ట్రైనింగుకు పంపాడు. ఏ తప్పు జరిగినా ఐదుసార్లు 'ఎందుకు' అని అడిగితే అసలు కారణం బయటపడుతుందని అక్కడ నేర్పారట. అప్పటి నుంచి ఆయన చేతివేళ్లు మడుస్తూ అందర్నీ ఎందుకు, ఎందుకు అని అడగడం మొదలుపెట్టారు. విచిత్రం ఏమిటంటే, ఆ మిల్లులో తప్పు ఎక్కడ మొదలైనా ఐదో ఎందుకు మాత్రం అందరికంటే తక్కువ జీతగాడి దగ్గరే ఆగేది. ఫర్నేసు చల్లారిపోతే వాచ్‌మన్ దొరికాడు. లారీ లోడు తిరిగొస్తే ఊడ్చే ముసలమ్మ దొరికింది.

సోమవారం ఆయన గవర్రాజును పిలిచారు.

"ఏమయ్యా, వచ్చే ఆదివారం రుషికొండలో మన కార్తీక పిక్నిక్ కదా. నా కారు షెడ్డులో ఉంది. నేనూ మా ఆవిడా నీ కారులో వస్తాం. పాటలున్నాయట కదా?"

"ఉన్నాయి సార్," అన్నాడు గవర్రాజు, నోరు బుర్రకంటే ముందు పరిగెత్తడం వల్ల.

పక్కనే ఉన్న అశోక్ వినయంగా దగ్గాడు. "సార్, ఆ స్టీరియో పాడితే పాడతాది, నేదంటే నేదు. మా బావమరిది కారున్నాది, నాను తెస్తాను."

మేనేజరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎలక్ట్రికల్ వాడి కారులో ఎలక్ట్రికల్ ట్రబులేమిటయ్యా? ఆదివారానికి బాగుచేసుకో గవర్రాజూ. నీ పనితనం అక్కడే చూస్తాను."

అంటే ఫోర్‌మన్ కుర్చీ ఇప్పుడు మిల్లులో లేదు, మారుతి డాష్‌బోర్డులో ఉంది. గవర్రాజుకు ఆ రాత్రి, ముందురోజు కొన్న వంజరం చేప పులుసు కూడా రుచించలేదు.

"ఎవరి కళ్లో పడ్డాయండీ," అంది భార్య గంగాభవాని. "నాను ముందే సెప్పినాను."

ముందే చెప్పిన మాట నిజమే. కారు కొన్న కొత్తలో ఆమె బంపరుకు నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దిష్టి దండ కట్టింది. గవర్రాజు దాన్ని పీకి పారేశాడు. "ఎలక్ట్రికల్ వోడి కారుకి నిమ్మకాయలేటే. మిల్లులో నవ్వుతారు," అన్నాడు. గంగాభవాని అప్పుడు ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు కాదని పెళ్లయి ఇన్నేళ్లయినా అతనికి తెలియలేదు.

మర్నాడు డ్యూటీ దిగగానే గవర్రాజు మళ్లీ తాతబాబు షాపుకు వెళ్లాడు. ఇద్దరిదీ చోడవరం దగ్గర ఒకే ఊరు. తాతబాబు కార్లకు స్టీరియోలు బిగించడంలో ఆరితేరినవాడు. అతనికున్న షరతు ఒక్కటే. పనిచేసేటప్పుడు కారు గల మనిషి పక్కన ఉండకూడదు.

"నువ్వు టీ తాగి రా బావ. పక్కనుంటే నాకు సెయ్యాడదు."

టీ తాగి వచ్చేసరికి స్టీరియో ఆటోనగర్ అంతా వినపడేలా పాడుతోంది.

"ఏటి ట్రబులు?"

"ఫ్యూజు. మార్చీసినాను. ఇంక పెళ్లిమేళం లాగ పాడతాది."

పెళ్లిమేళం గాజువాక దాటకముందే ఆగిపోయింది. బుధవారం తాతబాబు స్పీకర్లు మార్చాడు. షాపులో పాడింది, దారిలో ఆగింది. గురువారం స్విచ్చి మార్చి, బ్యాటరీ నుంచి నేరుగా కొత్త లైను లాగాడు. షాపులో ఇంకా బాగా పాడింది, దారిలో ఇంకా తొందరగా ఆగింది.

"నా కాడ పాడతాది, నీ కాడ పాడదు," అన్నాడు తాతబాబు శుక్రవారం, పెద్ద డాక్టరులా తల పంకిస్తూ. "ట్రబులు కారులో నేదు బావ. నీ డ్రైవింగులో ఉన్నాది."

ఈ లోగా డాష్‌బోర్డులో ఎన్నిసార్లు చేతులు దూరాయో, హారన్ కొడితే వైపర్లు ఒకసారి ఊగి పడుకోవడం మొదలైంది. అదేమిటని అడిగితే, ముందు స్టీరియో సంగతి తేలనీ, ఒక్కొక్కటే చూద్దామన్నాడు.

గవర్రాజు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మిల్లు నుంచి మీటరు తెచ్చి స్టీరింగు కింద తల దూర్చాడు. స్టీరియోకు కరెంటు వస్తోందా అని చూశాడు. నిక్షేపంలా వస్తోంది. వచ్చిన కరెంటు తిరిగి పోవడానికి ఎడమవైపు, పక్క సీటు వాళ్లు కాళ్లు పెట్టుకునే చోట ఒక ఎర్తు వైరుంది. స్టీరియో బిగించినవాడెవడో దాన్ని పొడుగ్గా వదిలేశాడు, అది డాష్‌బోర్డు కింద తాడులా వేలాడుతూ ఉంటుంది. దాన్ని గవర్రాజు చూడలేదు. వచ్చే దారి చూసేవాళ్లే గానీ పోయే దారి చూసేవాళ్లు మిల్లులో మాత్రం ఎంతమంది ఉన్నారు కనుక.

శనివారానికి మనిషి సగమయ్యాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ, "అశోక్ గాడి కింద పన్జెయ్యాల నాను," అన్నాడు. గంగాభవానికి గుండె తరుక్కుపోయింది. వెంటనే సంచీ తీసుకుని బజారుకెళ్లి బోలెడు నిమ్మకాయలు తెచ్చింది. పిక్నిక్‌లో పులిహోరకేమో అనుకున్నాడు గవర్రాజు. మర్నాడు టిఫిన్ క్యారియరు మూత తీసి చూస్తే అది చింతపండు పులిహోర. ఆ సంగతి గురించి అతను అప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది.

ఆదివారం స్టీరియో బుద్ధిగా పాడింది. ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర మేనేజరు గారు ముందు సీట్లో, ఆయన భార్య ధనలక్ష్మి గారు వెనక గంగాభవాని పక్కన కూర్చున్నారు. పాత పాట వస్తుంటే మేనేజరు గారు మోకాలి మీద తాళం వేశారు. "బాగుందయ్యా," అన్నారు. మద్దిలపాలెం దాటేసరికి గవర్రాజు మనసులో ఫోర్‌మన్ కుర్చీలో కూర్చుని ఫ్యాను కూడా వేసుకున్నాడు.

హనుమంతవాక దగ్గర కారు ఒక గోతిలో దిగి లేచింది. పాట ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

"ఇప్పుడే వొస్తాది సార్." గవర్రాజు స్విచ్చి నొక్కి చూశాడు. అడ్డొచ్చిన గేదెను చూసి హారన్ కొట్టాడు. వైపర్లు రెండూ లేచి అద్దాన్ని ఒకసారి తుడిచాయి.

మేనేజరు గారు ఆకాశం వంక చూశారు. "వానేమీ లేదే," అన్నారు.

గోతులు వెతికి వెతికి వాటిలో దింపినా స్టీరియో నోరు తెరవలేదు. రుషికొండ దగ్గర సముద్రం కనపడే చోట గవర్రాజు కారు పక్కకు ఆపేశాడు. వెనకే వస్తున్న అశోక్ బావమరిది కారు కూడా, పిలిచినట్టే ఆగింది. అశోక్ దిగి తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇందులోకి రండి సార్. ఇందులో పాటలొస్తన్నాయి."

"ఆగవయ్యా. కారణం తెలియకుండా దిగను," అన్నారు మేనేజరు గారు. ఆయనకు ఐఎస్ఓ పూనింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టారు. చేతికి తడితడిగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఒంగి చూస్తే ఎర్తు వైరుకు వేలాడుతూ, గుమ్మడికాయంత దండ. నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క, పైన ఎర్ర రిబ్బనుతో ముడి.

గవర్రాజు భార్య వంక చూశాడు. ఆమె సముద్రం వంక చూసింది.

"నీకు తెలుసునేటే?"

"నానే కట్టినాను. బంపరుకి కడితే పీకీసినారు కదా, కనపడకుండా లోపల కట్టినాను. ప్రతీ శనివారం కొత్తది కడతన్నాను. నిన్న మీ మొకం సూసి, పెద్దది కట్టినాను."

"మరి తాతబాబు సూళ్లేదా?"

"అన్నయ్యకి తెలుసు. మీకు సెప్పొద్దన్నాను. పాపం, ఎప్పుడొచ్చినా దండ భక్తిగా ఇప్పి పక్కన పెట్టి, పని సేసీసి, మళ్లీ ఎక్కడిదక్కడే కట్టీసేవోడు."

గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. దండ విప్పితే పాడింది, కడితే ఆగింది. వారం రోజులు అతను తాగిన టీలన్నీ ఆ విప్పడానికీ కట్టడానికీ మధ్య జరిగిన టీలు. ఇక కుర్చీ సంగతి మర్చిపోవడమే మంచిదనుకున్నాడు.

మేనేజరు గారు మాత్రం ఉత్సాహంగా చూపుడువేలు ఎత్తారు. దొరికింది అసలైన కేసు. "అందరూ వినండి. అశోక్, నువ్వూ విను. పద్ధతి ప్రకారం వెళదాం. పాట ఎందుకు ఆగింది?"

"ఎర్తు వైరు వదులైపోయినాది సార్," అన్నాడు గవర్రాజు నీరసంగా.

"వైరు ఎందుకు వదులైంది?"

"నిమ్మకాయల బరువుకి సార్."

"నిమ్మకాయలు ఎందుకు కట్టారమ్మా?" అన్నారు వెనక్కి తిరిగి. అసలు దోషి దొరికేసిందన్న తృప్తి ఆయన గొంతులో తెలుస్తోంది.

"దిష్టికండీ," అంది గంగాభవాని.

"మీ పాత కారుకు దిష్టి ఎందుకు తగులుతుందమ్మా?"

"మిల్లులో అందరి కళ్లూ దీని మీదే పడ్డాయండీ."

"ఎందుకు పడ్డాయి?"

"మీరెక్కుతన్నారని సారూ."

మేనేజరు గారు ఇంకో ప్రశ్న అడగబోయి తన చేతివంక చూసుకున్నారు. వేళ్లన్నీ మడిచి ఉన్నాయి.

"అయిపోయాయండీ. ఐదూ అడిగేశారు," అన్నారు ధనలక్ష్మి గారు వెనక నుంచి. ఆవిడ కూడా లెక్కపెడుతూనే ఉన్నారు. ఇంట్లో ఆవిడకూ ఇది రోజూ ఉండే బాధే కాబోలు, చాలా హాయిగా నవ్వారు. అశోక్ తల అవతలికి తిప్పుకున్నాడు గానీ భుజాలు ఊగాయి.

"సరే, సరే. దాన్ని తీసెయ్యి," అన్నారు మేనేజరు గారు గవర్రాజుతో. గవర్రాజు చెయ్యి ముందుకు చాపి, ఎందుకొచ్చిందిలే అని వెనక్కి తీసుకున్నాడు. అశోక్‌ను చూస్తే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మేనేజరు గారు ఇందాక దండను తాకిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నారు. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక ఇంజనీరు నిలబడి ఒక నిమ్మకాయల దండ వంక చూస్తున్నారు.

"కట్టిన చేత్తోనే విప్పాలమ్మా," అన్నారు మేనేజరు గారు చివరికి.

గంగాభవాని దిగివచ్చి ముడి విప్పింది. పాట ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంది. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఆడవాళ్లిద్దరూ గుసగుసలాడుకున్నారు. మిరపకాయలెన్ని, బొగ్గు పైన గుచ్చాలా కిందా అన్నవి తప్ప గవర్రాజుకు ఏమీ వినపడలేదు, వినే ఓపికా లేదు. ఇంటికొచ్చి గంగాభవానితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆమె అన్నం పెట్టేటప్పుడు కళ్లు తుడుచుకుంటుంటే చూసి, "పోనీలే, నా కోసమే కదా సేసినావు," అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

మరో వారానికి మేనేజరు గారు గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు.

"రుషికొండలో జరిగింది మిల్లులో ఎవరితోనైనా అన్నావా?"

"నేదు సార్." నిజమే. చెప్పుకునేంత గొప్ప సంగతా అది.

"అశోక్ అందరితోనూ అన్నాడు," అన్నారాయన. "రేపటి నుంచి ఫోర్‌మన్‌వి నువ్వే."

అలా పనితనానికి రావలసిన కుర్చీ మౌనానికి వచ్చింది. మర్నాడు గవర్రాజు అందులో సరిగ్గా కూర్చోకముందే కబురొచ్చింది. మేనేజరు గారు మోజుపడి తెప్పించిన కొత్త కంట్రోల్ ప్యానెల్ ఉన్నట్టుండి ఆగుతోందట, మళ్లీ తనంతట తనే పనిచేస్తోందట. తన ఇంట్లో నిన్నటి నుంచి నిమ్మకాయలెందుకు కనపడటంలేదో గవర్రాజుకు అప్పటికి తట్టలేదు. టూల్ బ్యాగు తీసుకుని వెళ్లి ప్యానెల్ తలుపు తెరిచాడు. లోపల ఎర్తు వైరుకు పచ్చగా నిగనిగలాడుతూ ఒక పెద్ద దండ వేలాడుతోంది. పైన ఎర్ర రిబ్బను ముడి. ఆ ముడి ఎవరిదో, కట్టించిందెవరో అతనికి చెప్పక్కర్లేదు. వెనక్కి తిరిగి చూస్తే గాజు తలుపు అవతల మేనేజరు గారు నిలబడి, ఇటే చూస్తూ, గబుక్కున చూపు తిప్పుకున్నారు.

కొత్త ఫోర్‌మన్ ప్యానెల్ తలుపు జాగ్రత్తగా మూసేశాడు, ఒక్కసారి కూడా ఎందుకు అని అడగలేదు.